నీళ్ళు తాగిన బండి

వాన చుక్క లేదు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. మండే ఎండలో, లోపల ఎవరూ లేకుండా నిలబడి ఉన్న ఆ తెల్ల బండి వైపర్లు ఉన్నట్టుండి లేచి, ఎండిపోయిన అద్దాన్ని కరకరమంటూ తుడవడం మొదలుపెట్టాయి.

నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ కన్యకమ్మ గోళ్ళు నా మణికట్టులో దిగాయి.

“చూసినావా హేమమ్మా? చూసినావా? ఎవురుండారు దాంట్లో? ఎవురు తిప్పుతాండారు వాటిని?”

చూశాను. చెప్పొద్దూ, నాకూ భయమేసింది. ఇన్సూరెన్సు సర్వేయరుగా నుజ్జయిన లారీలూ, కాలిపోయిన బస్సులూ, నెత్తురు ఎండిన సీట్లూ ఎన్నో చూసి రిపోర్టులు రాసిన మనిషిని నేను. ఆ పని మానేసి అనంతపురంలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాక దయ్యాల కేసులు కూడా వచ్చాయి. ప్రతి కేసులోనూ దయ్యం వెనక ఒక మనిషి దొరికాడు. అయినా పట్టపగలు ఖాళీ బండి ఇలా చేతులు ఆడిస్తుంటే ధైర్యం ఎక్కడ నిలబడుతుంది?

వైపర్లు ఆగాయి. ఆ వెంటనే హారన్ ఒక్కసారి మూలిగి ఊరుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్ తన స్టూలు తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళి కూర్చున్నాడు.

కన్యకమ్మ భర్త బదరీనారాయణ ధర్మవరం పట్టుచీరల టోకు వ్యాపారి. ఒక్కడే కొడుకు, భరత్‌కుమార్. మగ్గాలున్న ఊళ్ళు తిరగడానికి పెద్ద బండి ఉంటే బాగుంటుందని పోయిన నెలలో రాప్తాడు దగ్గర అశోక్ అనే పాత కార్ల వ్యాపారి దగ్గర ఈ ఫోర్ బై ఫోర్ కొన్నాడు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి, లోపల ఏడుగురు కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. సోమవారం పొద్దున అదే బండిలో బయటికి వెళ్ళాడు, తిరిగి రాలేదు. మర్నాడు శింగనమల చెరువు పక్క రోడ్డు మీద తలుపులన్నీ లాక్ చేసిన బండి దొరికింది. భరత్ దొరకలేదు. ఫోను మోగడం లేదు.

“బండే తినింది నా కొడుకుని,” అంది కన్యకమ్మ. “పోలీసుల కాడికి పోదామంటే మా ఆయన ఎవురి మాటా వినడు. ఆ ఆనంద్‌ని పెట్టినాడు వెతకమని. ఆ మనిషి మూడు రోజులుగా కాఫీలు తాగి, వాడే యాడికో పోయినాడు, వస్తాడులే అంటాండాడు. నాకు బండి వద్దు, ఇంకేమీ వద్దు. నా కొడుకు ప్రాణాలతో ఉండాడా లేదా, అదొక్కటి కనుక్కుని చెప్పు తల్లీ.”

అందుకే ఆమె భర్తకు చెప్పకుండా నన్ను పిలిపించింది. ఆనంద్ పేరు వినగానే నాకు చిర్రెత్తుకొచ్చింది. అతనూ నాలాగే సర్వేయరు పని చేసి, పోయిన ఏడాదే మానేశాడు. నేను బండి కింద దూరి మసి పూసుకుని వచ్చేసరికి, అతను టీకొట్టు దగ్గర కూర్చునే రిపోర్టు రాసేసేవాడు. ఇప్పుడు అతనూ డిటెక్టివే, ఊళ్ళో నాకంటే పెద్ద బోర్డు అతనిది.

“ఈ బండి ఇంకేమేం చేసింది?” అని అడిగాను.

“చెయ్యనిదేముంది! లోపల లైటు దానంతటదే ఎలుగుతాది. హారన్ కొడతాది. ఏసీ వేస్తే చాలు, చచ్చిన చేపల కంపు. భరత్ సెంటు కొట్టినాడు, కర్పూరం పెట్టినాడు. మా ఆయన గుమ్మడికాయ కొట్టించినాడు. ఏం చేసినా పోల్యా.”

“తలుపుల లాకులు కూడా వాటంతట అవే పడతాయా?”

ఆమె ఆలోచించింది. “ల్యా. అదొక్కటీ ఎప్పుడూ చూడల్యా.”

“ఐతే భయపడొద్దండమ్మా. వైర్లు పాడైతే వైపర్లు తిరుగుతాయి, హారన్ మోగుతాది. అన్ని తలుపులూ ఒక్కసారే లాకై, ఇండికేటర్లు రెండుసార్లు ఎలిగినాయంటే మాత్రం ఎవురో తాళంచెవి మీద మీట నొక్కినట్టు. దయ్యానికి చెవి యాడుంటాది?”

ఆమెకు ధైర్యం చెప్పడానికి అన్నాను. కొంచెం నాకు కూడా చెప్పుకున్నాను.

ఆనంద్ ముందురోజు బండిని శింగనమల నుంచి తెచ్చి పెట్టి, చెవి జేబులో వేసుకుని పోయాడట. తలుపులు మాత్రం తెరిచే వదిలేశాడు. నాకు కావలసింది అదే. కొంగు నడుముకు చుట్టి బానెట్ ఎత్తాను.

ఇంజను తళతళలాడుతోంది. అదే మొదటి అనుమానం. మన దుమ్ములో నడిచిన బండి లోపల అంత శుభ్రంగా ఉండదు, ఉందంటే ఎవరో దేన్నో కడిగారన్నమాట.

“కొనేటప్పుడు ఏమేం చూసినారు?”

“అందురూ చూసేదే. ఏసీ చల్లగా వస్తాదా, టైర్లు బాగుండాయా, బండి ఎంత దూరం తిరిగింది అని. పెయింటు చూసినారు. మెకానిక్ వచ్చి పొగ చూసినాడు.”

“నీళ్ళు?”

“నీళ్ళా?” కన్యకమ్మ నన్ను వింతగా చూసింది. “మన సీమలో నీళ్ళ కోసం బోర్లేసుకుంటాం గానీ, బండిలో ఎవురు వెతుకుతారమ్మా?”

ఎవరూ వెతకరు. ఈ జిల్లాలో పాత బండి కొనేవాడు ఎండకు ఏం పాడవుతుందో చూస్తాడు, దుమ్ముకు ఏం అరుగుతుందో చూస్తాడు. నీళ్ళ సంగతి మన బుర్రకు తట్టదు. అందుకే ఎక్కడెక్కడి మునిగిన బండ్లూ ఇక్కడికొచ్చి పెళ్ళికూతుళ్ళలా ముస్తాబై అమ్ముడుపోతాయి.

ముందు సీటు కింద చెయ్యి పెట్టాను. సీటు జరిగే పట్టాలు గరగరమన్నాయి. వేళ్ళకు ఎర్రటి తుప్పు అంటింది. నేల మీద పరిచిన కార్పెట్ కొత్తది, దాని అంచు లేపితే కింద మెత్తటి బూడిదరంగు ఒండ్రు. గేరు రాడ్డు పక్కన ఇంకో పొట్టి రాడ్డు ఉంది, నాలుగు చక్రాలకూ బలం మళ్ళించేది. బురద ఉంటే కదా దానితో పని, ఇక్కడ దాన్ని ముట్టుకునేవాడే ఉండడు. నేను లాగితే అది కదల్లేదు.

కింద దూరి ఆ నాలుగు చక్రాల గేరుబాక్సు బిరడా విప్పాను. నా అరచేతిలో పడిన నూనె పాలు పోసిన టీ రంగులో ఉంది. నీళ్ళు కలిస్తేనే నూనె అలా అవుతుంది. ఎవడో ఇంజనులో నూనె మార్చాడు, సీట్లకు కవర్లు మార్చాడు, దీన్ని మార్చడం మరిచిపోయాడు. ఎవరూ చూడరన్న ధీమా!

బయటికి వచ్చి డ్రైవరు సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగాను. బండి కొనేవాళ్ళు బెల్టును పెట్టుకుని చూస్తారే గానీ చివరిదాకా లాగి చూడరు. చుట్ట లోపల దాక్కున్న భాగమంతా మట్టి మరకే. పైకప్పు లైటు మూత ఊడదీస్తే అందులోనూ అదే ఒండ్రు. అంటే నీళ్ళు తలుపు అంచు దాకానో, సీటు దాకానో వచ్చి ఆగిపోలేదు. బండి పైకప్పు దాకా మునిగింది.

డ్రైవరు పక్క సీటు బెల్టు సగంలో ఇరుక్కుంది. గట్టిగా లాగితే కిర్రుమని వచ్చింది, దాని వెంట ఏదో చిక్కుకుని బయటపడింది. నా కళ్ళద్దాలు సరిచేసుకుని చూశాను. మట్టి పట్టిన దారాల ఉండ. అందులో ఒక పోగు ఎండకు మెరిసింది.

కన్యకమ్మ దాన్ని నా వేళ్ళలోంచి తీసుకుంది. పట్టు వ్యాపారం ఇంటి మనిషి, రెండు వేళ్ళతో నలిపి చూడగానే ముఖం పాలిపోయింది.

“ఇది జరీ. పట్టుచీర అంచు. ఇట్లాంటి పీలికే ఆదివారం నాడు భరత్ నాకు చూపించినాడు. ఎవురిదిరా అంటే, నాకూ అదే తెలియాలమ్మా అన్నాడు. మర్నాడే అశోక్‌ని అడిగొస్తానని పోయినాడు.”

ఎండ అంతే ఉంది, నా చేతుల మీద వెంట్రుకలు మాత్రం నిక్కబొడుచుకున్నాయి. చీర అంచు బెల్టు చుట్టలోకి పోయి నలిగిందంటే, ఆ చీర కట్టుకున్న మనిషి ఆ బెల్టు పెట్టుకుని ఆ సీట్లో ఉంది. విడిపించుకోవడానికి పెనుగులాడింది. బండి అప్పుడు నీళ్ళ కింద ఉంది. వైపర్లు తిప్పింది తడిసిన వైర్లేనని నాకు తెలుసు, కానీ ఆ సీటు వంక మళ్ళీ చూడబుద్ధి కాలేదు.

“అమ్మా, బండికి చెవులెన్ని ఇచ్చినారు?” ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను.

“రెండు. రెండూ మీటలున్నవే. అమ్మవారి ముందర పెట్టి పసుపు కుంకం పెట్టినా. కుంకం తడిగుండి గీతల్లో దిగిపోయింది. ఎంత తుడిచినా పోదే అని భరత్ నా మీద కసురుకున్నాడు కూడా. ఒకటి రింగుకి వేసుకున్నాడు, ఇంకోటి నేనే వాని మొలతాడుకి కట్టినా.”

“మొలతాడుకా?”

“మా ఇంట్లో మగోళ్ళు బీరువా చెవి మొలతాడుకే కదమ్మా కట్టుకునేది. వాళ్ళ తాత కాలం నుంచీ అంతే. ఇంట్లో పెట్టింది పోతాది గానీ ఒంటి మీదున్నది పోదు.”

ఇంత పెద్ద బండి నడిపే కుర్రాడు ప్యాంటు లోపల మొలతాడుకు తాళంచెవి వేలాడదీసుకుని తిరుగుతున్నాడని ఊహించుకుంటే, అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

“ఏమక్కా, బండి కింద ఏం పారేసుకున్నావు?”

ఉలిక్కిపడి తిరిగాను. ఆనంద్. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, నల్లకళ్ళద్దాలు, ముఖం నిండా నవ్వు. వెనక నుంచి పిల్లిలా వచ్చాడు. కన్యకమ్మ పిడికిలి బిగించి జరీ ఉండను కొంగులో దాచుకుంది.

“ఇది నీళ్ళలో మునిగిన బండి ఆనంద్,” అన్నాను.

“అనంతపురంలో నీళ్ళా?” పకపకా నవ్వాడు. “కుళాయికే దిక్కుల్యా. బండి మునిగేంత నీళ్ళు యాడ దొరికినాయక్కా నీకు? మాకూ చూపించు, రెండు బిందెలు పట్టుకుంటాం.”

“బెల్టు లాగి చూసినావా నువ్వు?”

“నా పని మనిషిని వెతికేది, బెల్టులు లాగేది కాదు.” కన్యకమ్మ వైపు తిరిగి గొంతు మెత్తబరిచాడు. “అమ్మా, మీరు భయపడొద్దండి. వయసులో ఉన్న పిల్లోడు, ఎవురో అమ్మాయితో పోయినాడు. నాలుగు దినాలైతే ఆయనే ఫోన్ చేస్తాడు. ఈ బండి ఇంట్లో ఉంటే మీకు మనశ్శాంతి ఉండదు. సార్‌తో మాట్లాడినా. ఈ పొద్దే అశోక్‌కి వాపసు ఇచ్చేస్తాండాం, వాడు తుక్కుకి వేసుకుంటాడు.”

నాకు మండిపోయింది. “తుక్కుకా? పిల్లోడు దొరక్కముందే?”

“బండి ఏమన్నా సాక్ష్యం చెప్తాదా అక్కా?”

“చెప్తాది. బండి లాకై ఉండె కదా, చెరువు కాడ నుంచి ఎట్ల తెచ్చినావు నువ్వు?”

“అశోక్ తాన స్పేర్ కీ ఉండె. దాన్ని తెచ్చినా. ఇదేం పెద్ద సంగతని అడుగుతాండావు?” జేబులోంచి చెవి తీసి, నా ముఖం ముందు మీట నొక్కాడు. తలుపులన్నీ టక్కున పడ్డాయి. ఇండికేటర్లు రెండుసార్లు వెలిగి ఆరాయి. “ఇంగ చాలు నీ పరీక్షలు. నేను సార్‌తో సంతకం పెట్టించుకుని వచ్చేలోపల నువ్వు ఇంటికి పో. ఎండ తగులుతాది.”

అతను లోపలికి వెళ్ళాడు. బదరీనారాయణ సంతకం పెట్టేముందు కాఫీ ఇస్తాడు, క్షేమసమాచారాలు అడుగుతాడు, అంత తొందరగా వదలడు. కన్యకమ్మ కొంగులోంచి జరీ ఉండ తీసుకుని, నా స్కూటీ స్టార్ట్ చేసి రాప్తాడు దారి పట్టాను.

* * *

అశోక్ యార్డు హైవేను ఆనుకునే ఉంది. ముందు వరసలో నీళ్ళతో కడిగిన బండ్లు మెరుస్తూ ఉంటాయి. వెనక తుక్కు. గేర్లు పీకిన జీపులు, బానెట్‌లు లేని కార్లు, ఒక మూల చక్రాలు లేని పాత బస్సు. ఆ బస్సు మెట్ల కింద నేల తడిసి ఉంది. బండ్లు కడిగిన నీళ్ళేమో అనుకున్నాను. భయపడ్డ బుర్ర సగమే పనిచేస్తుంది.

అశోక్ సన్నటి మనిషి. నన్ను చూసి నవ్వబోయాడు, నేను షెడ్డు గుమ్మంలో ఉన్న అతని బల్ల మీద జరీ ఉండ పెట్టగానే నవ్వు ఆగిపోయింది.

“ఇదేంది మేడం?”

“నువ్వు చెప్పు. నువ్వు అమ్మిన బండి బెల్టులో దొరికింది.”

“నేను ఎన్నో అమ్ముతాంటా. నాకేం తెలుసు?”

“గేరుబాక్సులో నీళ్ళు పెట్టి అమ్మినోనికి తెలీకుండా ఉంటాదా? ఎవురి బండి అది? యాడ మునిగింది?”

“అట్లాంటిదేం ల్యా మేడం. మంచి బండి.”

“మంచి బండే. పద, దాంట్లోనే నిన్ను కూర్చోబెట్టుకుని పోలీసు స్టేషన్‌కి పోదాం. ఆ పక్క సీట్లోనే కూర్చుందువు.”

అశోక్ ముఖం మాడిపోయింది. “ఆ సీట్లో నేను కూర్చోను,” అన్నాడు చిన్నగా. బీడీ వెలిగించబోయి అగ్గిపుల్ల పారేశాడు. అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు, చెప్పినంతసేపూ తల ఎత్తలేదు.

“కణేకల్ కాడ కాలవలో మునిగిన బండి మేడం అది. సరళమ్మది. ఆయమ్మకి ఆ పక్క కంకర మిషన్ ఉండె. పోయినేడు పెండ్లికని బయల్దేరి పోయింది, మళ్ళీ రాల్యా. కాలవలో నీళ్ళు తగ్గినాక బండి బయటపడింది, మనిషి కనపడల్యా. ఖాళీ బండి కాలవలో తోసేసి, ఆయమ్మ ఎవురితోనో పోయిందని రిపోర్టు రాసినారు. ఇన్సూరెన్సోళ్ళు బండిని వేలం వేస్తే నేను ఎత్తుకున్నా.”

“ఎవురు రాసినారు ఆ రిపోర్టు?”

అతను చెప్పనక్కరలేదు. ఎవరితోనో పోయింది, ఎవరితోనో పోయాడు. ఒకే నోటి నుంచి వచ్చిన మాట కాదూ! సర్వేయరుగా కాలవలోంచి తీసిన బండిని చూసింది ఆనందే. బెల్టులో ఏముందో చూడలేదో, చూసీ రాయలేదో. రెండోదే అయి ఉంటుందని తోచింది.

“సోమవారం భరత్ వచ్చినాడు కదా నీ దగ్గరికి?”

“వచ్చినాడు. ఇట్లాంటి పీలికే చూపించినాడు. బండి మునిగినప్పుడు లోపల మనిషి ఉండాది, నేను పోలీసుల కాడికి పోతా అన్నాడు. నాకు భయమై ఆనంద్ సార్‌కి ఫోన్ చేసినా. సార్ వచ్చినాడు. ఇద్దురూ మాట్లాడుకుంటా పోయినారు.”

“యాడికి?”

“నాకు తెల్దు.” కళ్ళు ఒక్క క్షణం వెనక్కి, తుక్కు వైపు పోయి వచ్చాయి. “నిజంగా తెల్దు మేడం. నాకు పెండ్లాం పిల్లోళ్ళుండారు.”

“సరే. ఆనంద్‌కి స్పేర్ కీ ఎప్పుడిచ్చినావు?”

“స్పేరా?” ఈసారి అతని ఆశ్చర్యం నిజమైనదే. “నా తాన స్పేర్ యాడుండాది? రెండు కీలూ అమ్మిననాడే భరత్ చేతికిచ్చినా. దేవుని తోడు.”

ఇంకో ప్రశ్న వేసే సమయం దొరకలేదు. బయట సన్నటి ఈల వినిపించింది. ఇంజను బెల్టు అరిగిన శబ్దం. ఆ ఈల వేసుకుంటూ తెల్ల బండి యార్డులోకి వచ్చి ఆగింది. ఆనంద్ దిగాడు. నా స్కూటీని చూశాడు, నన్ను చూశాడు, బల్ల మీద జరీ ఉండను చూశాడు. నవ్వు మాత్రం చెక్కు చెదరలేదు.

“ఇంటికి పొమ్మంటే ఈడికొచ్చినావా అక్కా?” చెవిని బల్ల మీదికి విసిరాడు. “అశోక్, నీ బండి. ఈ పొద్దే కోసెయ్యి.”

చెవి జారుతూ వచ్చి నా ముందు ఆగింది. తీసుకోకుండా ఉండాల్సింది. చేతులు ఆగలేదు. దాన్ని వెలుతురుకు పట్టుకుని చూశాను. ఇనుము మీద కోసిన గీతలో ఎర్రటి చార. బొటనవేలి గోరుతో గీకాను, ఎండిన కుంకుమ పొడిపొడిగా రాలి వేలికి అంటింది.

ఇది అమ్మవారి ముందు పెట్టిన చెవి. కన్యకమ్మ ఇంట్లోంచి భరత్ రింగుకు వేసుకుని వెళ్ళిన చెవి. చెరువు దగ్గర బండి దొరకక ముందే ఇది ఆనంద్ చేతిలోకి వచ్చింది. దీన్ని భరత్ తనంతట తాను ఇచ్చి ఉండడు. ఇదంతా ఒక్కసారిగా తెలిసింది.

“వేలికి ఏమైంది అక్కా?” అన్నాడు ఆనంద్.

“ఏం ల్యా. తుప్పు.”

“తుప్పు అంత ఎర్రగుంటాదా?” నల్లకళ్ళద్దాలు తీశాడు. అన్నేళ్ళలో అతని కళ్ళు అంత దగ్గరగా చూడడం నాకు అదే మొదటిసారి. వాటిలో నవ్వు లేదు. “నువ్వెప్పుడూ ఇంతే. బండి కింద దూరితే గానీ నీకు తృప్తి ఉండదు.”

“సరళమ్మ పక్క సీట్లో ఉండె. కాలవలో పడిన రోజు ఆ బండి నడిపింది ఎవురు ఆనంద్?” అన్నాను.

అతను ఒక అడుగు ముందుకు వేశాడు. నెమ్మదిగా చెయ్యి చాపాడు, చెవి ఇవ్వమన్నట్టు.

అప్పుడు బండి తలుపులు టక్కున పడ్డాయి. ఇండికేటర్లు రెండుసార్లు వెలిగి ఆరాయి.

ముగ్గురం కదలకుండా నిలబడిపోయాం. చెవి నా అరచేతిలో ఉంది. మీట మీద నా వేలు లేదు.

“సరళమ్మా!” అశోక్ కేక పెట్టి గోడకు అతుక్కుపోయాడు. “నేనేం చెయ్యలేదు తల్లీ! నేను నీళ్ళే ఇచ్చినా, అన్నమే పెట్టినా వానికి, నేనేం చెయ్యలేదు!”

నీళ్ళు. అన్నం. వానికి.

బస్సు మెట్ల కింద తడి నేల కళ్ళముందు మెదిలింది. కన్యకమ్మ మాట చెవిలో మోగింది, ఒంటి మీదున్నది పోదు అని. జేబులు తడిమి రింగు లాక్కున్నవాడికి ప్యాంటు లోపల మొలతాడుకు చెవి ఉంటుందని ఎలా తోస్తుంది? ఆ బస్సులో ఎక్కడో కట్టేసి పడి ఉన్న ఒక కుర్రాడు తన బండి ఈల విన్నాడు. ఎవరో ఇంటివాళ్ళు వచ్చారనుకున్నాడు. కట్టిన చేతులతోనే నడుము దగ్గర తడుముకుని మీట నొక్కాడు. నేను ఇక్కడున్నాను, నన్ను చూడండి అని.

బతికే ఉన్నాడు! నా కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. మూడు రోజులుగా ఆ తల్లి అడుగుతున్న ఒక్క ప్రశ్నకు జవాబు నా ఎదురుగా రెండుసార్లు వెలిగి ఆరింది. మరుక్షణం నా సంతోషం గడ్డకట్టింది. దయ్యానికి చెవి ఉండదని తెలిసింది అక్కడ నాకొక్కదానికే కాదు. ఆనంద్ కూడా సర్వేయరే. అతని చూపు బండి మీంచి నా చేతికి, నా చేతి మీంచి మూలనున్న బస్సుకు వెళ్ళింది.

“మొలతాడు,” అన్నాడు తనలో తాను, మెచ్చుకుంటున్నట్టు. “కోమటి బుద్ధి! నేనే మర్చిపోయినా.”

అతను తుక్కు కుప్ప దగ్గరికి నడిచి, చక్రాలు విప్పే పొడుగు ఇనుపకడ్డీ తీసుకున్నాడు. తొందరేమీ లేదు ఆ నడకలో.

“అశోక్, గేటు వెయ్యి.”

అశోక్ ఏడుస్తూ కదిలాడు. నా సెల్‌ఫోను మోగింది, తీసి చూశాను. కన్యకమ్మ. ఆనంద్ తల తిప్పి, ఎత్తొద్దు అన్నట్టు కడ్డీ నా వైపు చూపించాడు. ఎత్తకపోతే నేను స్కూటీ ఎక్కి ఇంటికి పోవచ్చునేమో కూడా. అలా అని అతని కళ్ళు చెబుతున్నాయి.

పచ్చ గుర్తు నొక్కాను.

“అమ్మా, నీ కొడుకు బతికుండాడు!” గొంతు చించుకుని అరిచాను. “రాప్తాడు! అశోక్ యార్డు! బస్సులో…”

కడ్డీ నా మణికట్టు మీద పడింది. ఫోను ఎగిరి ఎక్కడో మట్టిలో పడింది, అందులోంచి కన్యకమ్మ “హేమమ్మా! హేమమ్మా!” అని పిలుస్తూనే ఉంది. వెనక గేటు దడాలున మూసుకుంది. ఆనంద్ నన్ను దాటుకుని బస్సు వైపు నడిచాడు.

తెల్ల బండి ఇండికేటర్లు మళ్ళీ రెండుసార్లు వెలిగాయి. మళ్ళీ రెండుసార్లు. ఎవరో తన కోసం వస్తున్న అడుగుల చప్పుడు విని, ఆ పిచ్చి పిల్లాడు ఆశగా నొక్కుతూనే ఉన్నాడు.